ఇంజను మోతలో గుడ్లగూబకి ఎలుక అలికిడి వినిపిస్తుందా?

కోవూరు పక్క మాది వరి. పొట్ట దశలో ఎలుకలు దుబ్బులు కొరికి పారేస్తున్నాయి. ఊళ్ళో పాడుబడిన రైస్ మిల్లులో తెల్లమొహం గుడ్లగూబల జంట ఉంది. అవి వాలడానికి చేలో కర్రలు పాతుదామని ఆలోచన.

వీటి చెవులు ఒకటి కాస్త పైకి, ఒకటి కిందికి ఉంటాయంట, అందుకే చిమ్మచీకట్లోనూ చప్పుడుని బట్టే ఎలుకని పట్టేస్తాయి. రెక్క అంచు ఈకలు దువ్వెన పళ్ళలా ఉండి ఎగిరే సద్దు కూడా రాదు. నా అనుమానమల్లా డీజిల్ ఇంజను గురించే. రాత్రిపూట తడి పెట్టేటప్పుడు ఆ మోతలో వాటి వేట సాగుతుందా? కర్రలు ఇంజనుకి ఎంత దూరంలో, ఎంత ఎత్తున పాతాలి?

ఎలుకల మందు బ్రోమాడయోలోన్ ఎర పెట్టడం ఆపేశాను, అది తిన్న ఎలుకని తింటే గూబకీ ముప్పే కదా. అపశకునం అని గొణిగే ఇంట్లోవాళ్ళ సంగతి నేను చూసుకుంటా. చేలో చేసి చూసినోళ్ళు చెప్పండన్నా.