తలుపు మీది సొట్టను పెయింట్ చెడకుండా ఇంట్లోనే తీయవచ్చా?

నా కారు వెనుక తలుపు మీద, హ్యాండిల్‌కు కాస్త కింద, అరచేయంత సొట్ట పడింది. పెయింట్ పగలలేదు గానీ, వేలితో తడిమితే పైఅంచు దగ్గర రేకు పదునుగా మడతపడినట్టు తెలుస్తోంది. వేడినీళ్ల చిట్కా ప్లాస్టిక్ బంపర్లకే తప్ప ఉక్కు రేకుకు పనికిరాదు కనుక దాని జోలికి పోలేదు. తలుపు లోపలి ప్యానెల్ విప్పి చూస్తే, సరిగ్గా సొట్ట వెనుకే భద్రతా కడ్డీ అడ్డుగా ఉండడం వల్ల లోపలి నుంచి నెట్టే వీలు కనిపించలేదు.

ఇక మిగిలింది వేడి జిగురుతో ప్లాస్టిక్ బిళ్లలు అంటించి బయటికి లాగే పద్ధతి. ఇలాంటి సొట్టను ముందుగా మడత దగ్గర లాగాలా, లేక అంచుల నుంచి క్రమంగా లోపలికి రావాలా? ఎక్కువ లాగడం వల్ల రేకు ఉబ్బితే, ప్లాస్టిక్ మొనతో తట్టి దించేటప్పుడు పెయింట్ నిలుస్తుందా? తలుపుకు గతంలో మళ్లీ పెయింట్ వేసి ఉంటే జిగురుతో పాటు అదీ ఊడిరావచ్చు కాబట్టి, ఆ సంగతి ముందే పసిగట్టే మార్గం ఉంటే అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.