పడవ టేకు మీద నల్ల మచ్చలు: నూనె మానేయాలా?

తెరచాప:
చెన్నై హార్బర్‌లో ఉండే చిన్న సెయిల్‌బోట్. కాక్‌పిట్ (కూర్చుని పడవ నడిపే చోటు) నేల, చేతిపట్టీలు టేకువి. టీక్ ఆయిల్ పట్టించిన నెల తిరక్కుండానే నల్ల మచ్చలు, పైగా కాళ్లకు జిగురు. ప్రెషర్ వాషర్ కొట్టించమంటున్నారు. పలకల మధ్య నల్ల సీలెంట్ కూడా రెండు చోట్ల అంచు వదిలింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలండి?

లంగరు:
ప్రెషర్ వాషర్ అస్సలు వద్దండి. టేకులో మెత్తటి పొర, గట్టి పొర పక్కపక్కనే ఉంటాయి. ఆ ధార మెత్తటిదాన్ని తవ్వేస్తే గట్టిది గట్లు కట్టి మిగులుతుంది. మళ్లీ చదును చేయాలంటే పలక అరగదీయాల్సిందే. అలా పలచబడితే స్క్రూల మీది చెక్క బిరడాలు ఊడొస్తాయి.

మచ్చలు రెండు రకాలు. అక్కడక్కడా చల్లినట్టుంటే బూజు. స్క్రూ చుట్టూ మాత్రమే ఉంటే ఇనుము మరక, ఆ స్క్రూ మార్చకపోతే మళ్లీ వస్తుంది. టీక్ ఆయిల్‌లో చాలావరకు ఉండేది అవిసె నూనె లాంటిదే. బూజుకు అదే మేత, మన తేమ దానికి తోడు. నేలకు నూనె మానేయండి.

ముందు సబ్బు నీళ్లతో జిడ్డు వదిలించండి. తర్వాత ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్కార్బొనేట్. క్లోరిన్ బ్లీచ్ వద్దు, చెక్కనీ సీలెంట్‌నీ తినేస్తుంది. చెక్క ముదురు రంగుకి తిరిగితే లీటరు గోరువెచ్చని నీటికి 80 నుంచి 100 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి పట్టించి, ఆరనివ్వకుండా 15 నిమిషాలకు మంచినీళ్లతో బాగా కడగండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. బ్రష్ మెత్తనిదే వాడాలి, చెక్క చారలకు అడ్డంగానే రుద్దాలి.

కొయ్యపని:
చేతిపట్టీలకు వార్నిష్ వేయొచ్చు, అక్కడ కాళ్ల రాపిడి ఉండదు. ముందు 120 నంబరు, ఆపైన 220 నంబరు శాండ్‌పేపర్‌తో రుద్దండి. వెంటనే అసిటోన్ గుడ్డతో తుడిచి మొదటి కోటు వేసేయాలి. ఆలస్యమైతే టేకులోని నూనె మళ్లీ పైకొచ్చి వార్నిష్ పట్టదు. మొదటి కోటులో వార్నిష్, థిన్నర్ సమానం, రెండోదానిలో పావు వంతు థిన్నర్. మొత్తం ఆరేడు కోట్లు, మధ్యలో 320తో తేలిగ్గా రుద్దుడు. యూవీ రక్షణ ఉన్న మెరైన్ వార్నిషే కొనండి.

పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేలోపు ముగించాలి. ఆ గాలితో వచ్చే ఉప్పు ఇంకా ఆరని వార్నిష్ మీద పడితే తేమ లాగి పొర లేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని ముట్టుకోవద్దు.

లంగరు:
సీలెంట్ వదిలిన చోట పైపైన పూయకండి. పాతది మొత్తం కోసి తీసి, గాడి అడుగున బాండ్ బ్రేకర్ టేప్ (సీలెంట్ అడుగుకు అంటకుండా ఆపేది) వేసి, పక్క గోడలకు ప్రైమర్ రాసి పాలీసల్ఫైడ్ సీలెంట్ నింపాలి. అడుగుకు కూడా అంటుకుంటే చెక్క ఉబ్బి తగ్గినప్పుడు సాగలేక చిరుగుతుంది. సిలికాన్ మాత్రం వద్దు. జిడ్డు టేకుకు అది నిలవదు, దాని అవశేషం మీద ఇంకేదీ అంటదు.

తెరచాప:
నూనె మానేస్తే నేల బూడిద రంగుకి తిరుగుతుంది కదండీ?

కొయ్యపని:
తిరుగుతుంది. ఎండకు పైపొర మాత్రమే మారుతుంది, లోపల చేవకేం కాదు. వారానికోసారి బకెట్లతో సముద్రపు నీళ్లు పోసి మెత్తగా తుడవండి, ఉప్పుకు బూజు తగ్గుతుంది.