గొగోల్ ‘ముక్కు’ చదివినంక అందరూ “ఇంతకీ అర్థమేంది” కాడనే ఆగుతున్రు, చర్చ ఎట్ల నడపాలె?

ప్రశ్న (నల్లగొండ నుంచి):
నెలకోసారి లైబ్రరీల కూసొని కథలు చదువుతం. ఈసారి రష్యా రచయిత గొగోల్ ‘ముక్కు’ (1836) ముందే గ్రూపుల పంపినం; కొవల్యోవ్ అనే ఆఫీసర్ ముక్కు మాయమై, తనే ఓ పెద్ద ఆఫీసర్ లెక్క ఊర్ల తిరిగే కథ. వచ్చిన మాటలు మూడే: “పిచ్చి కథ”, “ఇదంతా కలనా?”, “ముక్కంటే అహంకారమా?” చెహోవ్ ‘గుమాస్తా మరణం’, దోస్తోయెవ్‌స్కీ ‘మొసలి’ కూడా పెట్టాలనున్నది. టైం గంటన్నర. ఏది ముందు పెట్టాలె, మాట ఎక్కడ మొదలువెట్టాలె?

జవాబు (సూర్యాపేట):
మూడూ ఒక్కపూట పెట్టకున్రి అన్నా. ‘ముక్కు’ బయటికి చదివితేనే గంట దాటుతది. రెండు చోట్లు చదివి, మిగిలింది నోటితోని చెప్పేయున్రి: కొవల్యోవ్ కజాన్ చర్చిల తన ముక్కును కలిసేది ఒకటి, పేపర్ ఆఫీసుకు ప్రకటన ఇయ్యబోయేది ఒకటి.

చర్చి సీన్ల నవ్వు రావాలంటే ముందుగాల ఒక ముచ్చట తెల్వాలె. పీటర్ చక్రవర్తి 1722ల సర్కారు నౌకర్లకు 14 మెట్లు పెట్టిండు. కొవల్యోవ్‌ది ఎనిమిదో మెట్టు, అదీ కాకసస్‌ల సంపాయించుకున్నది; పైకెళ్లి మేజర్ అని పిలిపించుకుంటడు. ముక్కుదేమో ఐదో మెట్టు. నాయబ్ తహసీల్దార్ పోయి కలెక్టర్ ముందర నిలవడి “సార్, తమరు నా ముక్కు” అన్నట్టు. అందుకే దగ్గుకుంట, నసుగుకుంట మాట్లాడుతడు. ముక్కు ఆయన గుండీలు చూసి, మీరు వేరే శాఖ, మనకేం సంబంధం లేదని తేల్చేస్తది.

మీ అనువాదంల చర్చి బదులు గోస్తినీ ద్వోర్ బజారు ఉంటే అది సెన్సార్ మార్చిన పాఠం. వేరేది తెచ్చుకోన్రి.

జవాబు (మహబూబ్‌నగర్):
“అర్థమేంది” అని మీరు అడగకున్రి. “ఈ కథల ఎవ్వరు ఎందుకు ఆశ్చర్యపోతలేరు?” అని అడగున్రి, మాట అదే నడుస్తది. పేపర్ ఆఫీసు గుమాస్తానే చూడున్రి. ముక్కు పారిపోవుడు ఎట్లయితది అని గాదు ఆయన రంది, ఇట్లాంటివి ఏస్తే పేపర్ పరువు పోతదని. అంతకు ముందటి వారం ఒకాయన నల్లకుక్క తప్పిపోయిందని 2 రూబుళ్ల 73 కోపెక్కుల ప్రకటన ఇచ్చిండట. తీరా చూస్తే ఆ కుక్క ఏదో సంస్థ ఖజాంచీ, ఆయన్ని ఎక్కిరిచ్చుడే ఆ ప్రకటన! కొవల్యోవ్ రుమాలు తీసి చూపిస్తే, ముక్కుండే జాగ అప్పుడే పెనం మీంచి తీసిన అట్టు లెక్క నున్నగ ఉన్నది. గుమాస్తాకు జాలయితది. జాలిపడి ఏమిచ్చిండు? పీల్చుకోమని ముక్కుపొడి.

కల సంగతికి జవాబు చిన్నది. మొదలు రాసినప్పుడు గొగోల్ కల అనే పెట్టిండు, అచ్చుకిచ్చేటప్పుడు తీసేసిండు. మార్చి 25న పోయిన ముక్కు ఏప్రిల్ 7న దాని జాగల అది ఉంటది, కారణం లేదు. చివరికి కథకుడే, రాసేటోళ్లు ఇట్లాంటి సంగతులు ఎట్ల ఎంచుకుంటరో, దేశానికి దీనివల్ల లాభం ఏందని గునుస్తడు. మీ గ్రూపుల “పిచ్చి కథ” అన్నాయనకు ఆ పేరా చదివి వినిపియ్యున్రి.

జవాబు (వనపర్తి):
పైన చెప్పింది ఒప్పుకుంట గాని, ఉత్త ఆఫీసు వ్యంగ్యమే అంటే కథ చిన్నబోతది. మంగలి రొట్టె కోస్తే అండ్ల దొరికిన ముక్కు, బంగారు జరీ యూనిఫాంల బగ్గీ దిగిన ముక్కు, రీగాకు పోతుంటే పట్టుకొని పోలీసాయన కాయితంల చుట్టి తెచ్చిన ముక్కు, మూడూ ఒక్కటే. సైజు ఎంత? గొగోల్ ఎక్కడా తేల్చలే. చదివేటోళ్లు దాన్ని అతికియ్యబోయి అలసిపోయి “అహంకారం” అని తాళమేసేస్తరు. అతకది, వదిలెయ్యున్రి అని ముందే చెప్తే మంచిది.

చెహోవ్‌ది (1883) మొదలే పెట్టున్రి, పది నిమిషాలల్ల అయిపోతది. అండ్ల అసాధ్యం అన్నదే లేదు: నాటకంల ముందర కూసున్న జనరల్ మీద తుమ్మినందుకు గుమాస్తా చెర్వ్యకోవ్ మాఫీ అడుగుకుంటనే పోతడు, ఆ జనరల్ “పో బయటికి” అని అరిస్తే ఇంటికొచ్చి సోఫా మీద సస్తడు. ఆ జనరల్ కూడా ఈయన శాఖ గాదు. వేరే శాఖోడు ఒక కథల దులుపుకొని పోతడు, ఇంకో కథల వేరే శాఖోనికే భయపడి మనిషి పోతడు. ఈ రెండు పక్కపక్కన పెడితే అరగంట మీరేం మాట్లాడే పని లేదు.

జవాబు (సూర్యాపేట):
సై. ‘మొసలి’ (1865) మాత్రం వచ్చే నెలకు ఆపున్రి, పొడుగు, పైగా దోస్తోయెవ్‌స్కీ పూర్తి చెయ్యలే. చదివితే, మనిషిని మింగిన మొసలి కడుపు కొయ్యాలంటే దాని జర్మన్ యజమాని పైసలడిగేది, పెద్ద ఆఫీసరు విదేశీ పెట్టుబడి దెబ్బతింటదని సుద్దులు చెప్పేది చాలు. అప్పటికే సైబీరియాకు శిక్షమీద పంపిన రచయిత చెర్నిషెవ్‌స్కీని ఈ కథల ఎగతాళి చేసిండని అప్పుడు కొందరన్నరు, 1873ల దోస్తోయెవ్‌స్కీ కాదన్నడు. ఆ తగువు ఎవరన్న ఎత్తితే మీ గంటన్నర దానికే సరిపోతది.