ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం ఉండాలా, తీసేయాలా?

కోనసీమ కుర్రాడు (అమలాపురం):
ఆంధ్రలో ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయి కదా, రాత్రంతా నిద్ర లేదు. ఆన్సర్ కీ చూసుకున్నప్పుడే 160కి 82 వస్తాయని లెక్కేసుకున్నాను, నార్మలైజేషన్ (షిఫ్టుల మధ్య పేపర్ తేడాని సరిచేసే లెక్క) అయ్యాక కూడా 82 దగ్గరే ఆగింది, దానికి బాధ లేదు. బాధ ఎక్కడంటే, మా పక్క వీధి వాడికి సెట్‌లో 76 వచ్చాయి, ర్యాంకు చూస్తే దాదాపు నా వెనకే ఉన్నాడు. వాడికి ఇంటర్ గ్రూప్ మార్కులు (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి) 600కి 588, నాకు 521. ఇంజనీరింగ్‌కి ఎవరు పనికొస్తారో చూడ్డానికే ఈ పరీక్ష పెడితే ఆ పరీక్ష మార్కులతోనే ర్యాంకు ఇవ్వాలి, మళ్ళీ ఇంటర్ మార్కులు కలపడం ఎందుకు? తెలంగాణలో 2023లోనే వెయిటేజీ తీసేశారు. మన దగ్గర కూడా కరోనా కారణంగా 2021, 2022లో లేదు, సీట్లు నిండాయి, క్లాసులు జరిగాయి. 2023లో మళ్ళీ తెచ్చారు. ఎన్ఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో 2013 నుంచి 2016 దాకా బోర్డు మార్కులకి 40 శాతం ఇచ్చి, 2017 నుంచి వద్దనుకున్నారు. అన్నిటికంటే నాకు మింగుడుపడనిది ప్రాక్టికల్స్. ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, మొత్తం 60. మా కాలేజీలో నిజంగా చేయించి నిజంగా మార్కులు వేశారు, నాకు రెండూ కలిపి 49. వాడికి 60కి 60. వాళ్ళ కాలేజీలో ఏడాదికి రెండుసార్లు కూడా ల్యాబ్ తెరవలేదని వాడే చెప్పాడు. వెయిటేజీ తీసేయాలి, ఇదే నా మాట.

భీమవరం ఎంపీసీ:
నా ఓటు నీకే అన్నా. నాకు ఇంకో బాధ కూడా ఉంది. నాది మధ్యాహ్నం షిఫ్టు, పేపర్ ఈజీగా వచ్చిందని సంబరపడ్డాను, తీరా చూస్తే నార్మలైజేషన్‌లో నాలుగు మార్కులు పోయాయి. నేను పెట్టిన కరెక్ట్ ఆన్సర్లు నావి కావా? ఇంట్లో వాళ్ళకి ఇది చెప్తే అర్థం కావట్లేదు, నేనే తప్పు లెక్కేసుకున్నానని అంటున్నారు.

లంక అమ్మాయి:
తీసేయాలి అనేవాళ్ళు నా సంగతి కూడా ఒకసారి చదవండి. మాది సఖినేటిపల్లి వైపు లంక ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ప్రభుత్వ జూనియర్ కాలేజీ. ఏటా గోదారి వచ్చినప్పుడు కాజ్‌వే మునిగిపోతుంది, పడవ మీద రావాలి, నీళ్ళు మరీ ఎక్కువైతే అదీ ఉండదు. అలా పోయిన క్లాసులు నేను రాత్రిళ్ళు టెక్స్ట్ బుక్ ముందేసుకుని చదువుకున్నాను. గ్రూప్‌లో 566 వచ్చాయి. కోచింగ్ లేదు. సెట్‌కి భీమవరం సెంటర్ పడింది, ఉదయం 9 గంటల షిఫ్టు, ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. గోదారి దాటించే మొదటి పంటు (పెద్ద పడవ) ఎక్కి నరసాపురంలో దిగి, అక్కణ్ణుంచి బస్సు. కూర్చునేసరికే చేతులు వణుకుతున్నాయి. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. కంప్యూటర్ మీద అంత సేపు పరీక్ష రాయడం నాకు అదే మొదటిసారి, తెర మీద చదివి కాగితం మీద లెక్క చేసి మళ్ళీ తెర చూసేసరికి ఏ ప్రశ్నలో ఉన్నానో మర్చిపోయేదాన్ని. 58 వచ్చాయి. నాకు రెండేళ్ళలో వచ్చిన చదువంతా ఆ మూడు గంటల్లోనే తేలిపోవాలంటారా? కోచింగ్ సెంటర్లో వారం వారం మాక్ టెస్టులు రాసినవాళ్ళకి ఆ మూడు గంటలు అలవాటైన పని. నాలాంటివాళ్ళకి ఇంటర్ మార్కులే ఆధారం. ప్రాక్టికల్స్ గురించి మీరు చెప్పింది నిజమేనండి, మా కాలేజీలో కూడా ఉన్నదున్నట్టే వేశారు, నాకు 26, 27. కానీ దానికోసం మొత్తం వెయిటేజీ తీసేస్తే మునిగేది మేమే.

లెక్కల లెక్చరర్:
పిల్లలూ, కోపాలు పక్కనపెట్టి ఒకసారి లెక్క చూడండి. 160 మార్కులకి 75 శాతం, 600 మార్కులకి 25 శాతం. అంటే సెట్‌లో ఒక్క మార్కు విలువ ఇంటర్‌లో పదకొండుంబావు మార్కులకి సమానం. అమలాపురం బాబూ, నీ 82కి 38.44 వస్తే, 521కి 21.71, మొత్తం 60.15. అతనికి 76కి 35.63, 588కి 24.5, మొత్తం 60.13. ఇంటర్‌లో 67 మార్కులు వెనకబడి కూడా నువ్వే పైన ఉన్నావు, గమనించావా? ప్రాక్టికల్స్‌లో నీకూ అతనికీ తేడా 11 మార్కులు, అంటే సెట్‌లో ఒక్క ప్రశ్న. లంక అమ్మాయి విషయంలో మాత్రం ఈ 25 శాతం చాలా మేలు చేసింది. ఆమెలాగే 58 వచ్చి ఇంటర్‌లో 480 దగ్గర ఆగినవాళ్ళ కంటే ఆమె ఏడున్నర సెట్ మార్కులంత ముందుంది.

భీమవరం బాబూ, నార్మలైజేషన్ నీ ఒక్కడి మీద జరిగింది కాదు. ప్రతి షిఫ్టులో పైన ఉన్న 0.1 శాతం మంది సగటు ఒకటి, ఆ షిఫ్టు మొత్తం సగటుకి ప్రామాణిక విచలనం (మార్కులు సగటుకి ఎంత అటూ ఇటూ ఉన్నాయో చెప్పే అంకె) కలిపితే వచ్చేది ఇంకొకటి, ఈ రెండింటినీ అన్ని షిఫ్టుల ఉమ్మడి అంకెలతో సరిచూస్తారు. పేపర్ తేలికైతే నీతోపాటు అందరికీ ఎక్కువ వస్తాయి, అందుకే తగ్గింది. జేఈఈలో పర్సంటైల్ కూడా ఇలాంటి తిప్పలు తప్పించడానికే. అక్కడ 90 వచ్చిందంటే 90 మార్కులని ఇంట్లో వాళ్ళు అనుకుంటారు, నిజానికి ఆ షిఫ్టులో నూటికి 90 మంది నీతో సమానంగానో నీకంటే కిందో ఉన్నారని అర్థం. మీ నాన్నగారికి కాగితం మీద రాసి చూపించు, తప్పు నీది కాదని ఆయనకి తెలియాలి.

వెయిటేజీ లేని ఆ రెండేళ్ళూ నేను క్లాసులో ఉన్నాను. పిల్లలు టెక్స్ట్ బుక్ తెరవడం మానేశారు, నాలుగు ఆప్షన్లు ఇస్తే తప్ప ఒక్క లెక్కనీ చివరిదాకా చేసేవాళ్ళు కాదు. అందుకే నేను ఉండాలనే అంటాను.

పాలకొల్లు నాన్న:
మాస్టారూ, లెక్క అర్థమైందండి. మా అమ్మాయి రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు. ఎంత ర్యాంకు వచ్చిందని చుట్టాలు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మీరు చేసే వాదన మంచిదే, కాకపోతే ఈ వారం పిల్లల్ని ర్యాంకులు అడగడం పెద్దవాళ్ళు మానేస్తే బాగుంటుంది.

కోనసీమ కుర్రాడు:
మాస్టారూ, నేను మళ్ళీ కాగితం మీద వేసుకుని చూశాను, మీరు చెప్పినట్టే వచ్చింది. కోపంలో ఆ పదకొండుంబావు లెక్క నేను చూసుకోలేదు. ఒక్క ప్రశ్నే కదా అన్నారు, ఆ మాట మాత్రం ఒప్పుకోలేను. ఆ మొత్తం 60 చుట్టుపక్కల ఎంతమంది గుంపుగా ఉంటారో మీకు తెలుసు, అక్కడ ఒక్క మార్కుకే ర్యాంకు చాలా దూరం జరుగుతుంది, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) రావలసినవాడికి సివిల్ వస్తుంది. లంక అమ్మాయి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మొత్తం తీసేయాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. థియరీ పేపర్ల మీద పేరు కనపడకుండా వేరే చోట దిద్దుతారు కాబట్టి ఆ 540 మార్కులు కలపనివ్వండి, ప్రాక్టికల్స్ 60 మాత్రం వెయిటేజీలోంచి తీసేయాలి. మనం అడగాల్సింది ఇదీ అని ఇప్పుడు అనుకుంటున్నాను.

లంక అమ్మాయి:
దానికి నేనూ ఒప్పుకుంటానండి. అలా అయితే నాకూ మంచిదే, 540కి 513 అవుతాయి.

లెక్కల లెక్చరర్:
ప్రాక్టికల్స్ లెక్కలోంచి తీసేస్తే ఇప్పుడు తెరుస్తున్న ల్యాబులు కూడా మూతపడతాయని నా భయం. బయటి కాలేజీ ఎగ్జామినర్ ఎదురుగా ఉండి నిజంగా చేయిస్తే చాలు. దీనిమీద ఇంకా మాట్లాడుకుందాం. లంక అమ్మాయీ, సీటు కోసం ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పది కాలేజీలతో ఆపకమ్మా. ఇష్టమైన వరుసలో ఎన్ని వీలైతే అన్ని పెట్టు, కిందవి పెట్టినందువల్ల పైవి పోవు.