26 టార్చ్ ఒక్కటే సరిపోతుందా? ఎస్ఎస్ పైపు, షీటు, కొంత అల్యూమినియం పనికి ఏ టిగ్ టార్చ్ తీసుకోవాలి?

చర్లపల్లి_ఎస్ఎస్_ఫ్యాబ్

అందరికీ నమస్కారం. మాది ఎక్కువగా ఫార్మా పని. 304, 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్ఎస్) షీటు 1.5, 2 ఎం.ఎం. ట్యాంకులు, అంగుళం నుంచి రెండంగుళాల పైపు లైన్లు. మధ్యమధ్యలో 3 నుంచి 6 ఎం.ఎం. అల్యూమినియం కూడా వస్తుంది. టిగ్ వెల్డింగ్ మెషిన్ 250 ఆంప్స్ ఏసీ/డీసీ ఇన్వర్టర్, హెచ్ఎఫ్ స్టార్ట్ (మొన తాకకుండానే హై ఫ్రీక్వెన్సీతో ఆర్క్ అంటించేది) ఉంది. దాంతోపాటు వచ్చింది ఎయిర్ కూల్డ్ డబ్ల్యూపీ-26, నాలుగు మీటర్ల కేబుల్.

ఇబ్బందులు మూడు. ఎల్బోల పక్కన, ట్యాంకు లోపలి మూలల్లో తల దూరడం లేదు. అల్యూమినియం మీద కాసేపటికే హ్యాండిల్ పట్టుకోలేనంత కాలుతోంది. ఎస్ఎస్ మీద 5వ నంబర్ కప్పుతో (టార్చ్ మూతికి పెట్టే గ్యాస్ నాజిల్) నిమిషానికి 12 లీటర్ల ఆర్గాన్ గ్యాస్ పెట్టినా బీడు (వెల్డు గీత) ఒక్కోసారి బూడిద రంగుకు తిరుగుతోంది.

రాణిగంజ్‌లో అడిగితే ఒక షాపులో 17 తీసుకోమన్నారు, పక్క షాపులో వాటర్ కూల్డ్ 18 తప్ప వేరే దారి లేదన్నారు. ఏది సరైనది? ఇప్పుడున్న కాలెట్లు (ఆర్క్ వచ్చే టంగ్‌స్టన్ కడ్డీని పట్టుకునేవి), కప్పులు కొత్త టార్చ్‌కు పనికొస్తాయా? గ్యాస్ లెన్స్ నిజంగా అవసరమా?

---

బాలానగర్_టిగ్

ముందు నంబర్ల సంగతి. టార్చ్ నంబరు మోడల్ పేరే, ఆంప్స్ కాదు. సాధారణంగా ఎయిర్ కూల్డ్‌లో 9 అంటే 125 ఆంప్స్, 17 అంటే 150, 26 అంటే 200. వాటర్ కూల్డ్‌లో 20 అంటే 250, 18 అంటే 350. ఈ అంకెల పక్కన డ్యూటీ సైకిల్ ఎంత రాశారో చూడకుండా కొనొద్దు. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆర్క్, నాలుగు నిమిషాలు విరామం. అదే 200 ఆంప్స్ 35 శాతానికి రాసి ఉంటే ఆ టార్చ్ మూడున్నర నిమిషాలకే అలసిపోతుంది.

ఇక అల్యూమినియం. డీసీలో టార్చ్ మైనస్‌లో ఉంటుంది కాబట్టి వేడిలో పెద్ద వాటా జాబ్ మీదికి పోతుంది. ఏసీలో టంగ్‌స్టన్ ప్రతి సైకిల్‌లోనూ కాసేపు ప్లస్ అవుతుంది, ఆ వేడి టార్చ్ తలలోకి వెనక్కి వస్తుంది. అందుకే ఎయిర్ కూల్డ్ టార్చ్‌కు ఏసీలో డీసీ అంకెలో 70 శాతం మాత్రమే నమ్ముకోవాలి. మీ 26 ఏసీలో 140, 150 ఆంప్స్ దగ్గరే హద్దుకు వచ్చేస్తుంది. 6 ఎం.ఎం. అల్యూమినియం 200 పైనే అడుగుతుంది. హ్యాండిల్ కాలుతోందంటే టార్చ్ చెడిపోయిందని కాదు, దాని శక్తికి మించిన పని పెట్టారని. ఏసీ బ్యాలెన్స్‌లో క్లీనింగ్ వైపు ఎక్కువ తిప్పి ఉంటే ఈ వేడి ఇంకా పెరుగుతుంది, టంగ్‌స్టన్ మొన పెద్ద గుండుగా మారుతుంది. ఆక్సైడ్ పోయేంత వరకే క్లీనింగ్ ఉంచండి.

ఎస్ఎస్ లెక్క వేరు. ఎం.ఎం. మందానికి 35 నుంచి 40 ఆంప్స్ అనుకుంటే 1.5 ఎం.ఎం.కు 50 నుంచి 60, 2 ఎం.ఎం.కు 70 నుంచి 80. దీనికి డబ్ల్యూపీ-9 హాయిగా సరిపోతుంది. తల చిన్నది, కేబుల్ సన్నం, మణికట్టు మీద బరువు ఉండదు. మూలల్లో మీకు కావలసింది ఇదే. 17 మాత్రం మీకు దండగ. 26 కంటే కొంచెం తేలిక, అంతే. లోపలి కాలెట్ బాడీ, కప్పు రెండింటికీ ఒకటే కాబట్టి మూలలో చోటు పెద్దగా కలిసిరాదు, పైగా 50 ఆంప్స్ తక్కువ.

స్పేర్లు రెండు కుటుంబాలు. 17, 18, 26 మూడూ 10ఎన్ సిరీస్: 2.4 ఎం.ఎం.కు కాలెట్ 10ఎన్24, కాలెట్ బాడీ 10ఎన్32. 9, 20 రెండూ 13ఎన్ సిరీస్: 1.6 ఎం.ఎం.కు కాలెట్ 13ఎన్22, బాడీ 13ఎన్27. ఒక కుటుంబం సామాను ఇంకో కుటుంబానికి పట్టదు. కాబట్టి 9 కొంటే దానికి కొత్త సెట్టు కావాలి. రేపు వాటర్ కూల్డ్ 20కి వెళ్లినా అదే సెట్టు వాడుకోవచ్చు. నా సలహా: ఎస్ఎస్‌కు ఇప్పుడు 9, అల్యూమినియం పని పెరిగితే 20.

మూలల్లో ఇంకో చిన్న విషయం. పొడుగు బ్యాక్ క్యాప్ (టంగ్‌స్టన్ వెనుక కొసను మూసే మూత) తీసేసి పొట్టి క్యాప్ పెడితే ఉన్న టార్చే సగం సమస్య తీరుస్తుంది. టంగ్‌స్టన్ పొడవు తగ్గించాలి కదా అని కటింగ్ ప్లయర్‌తో నొక్కి విరవకండి, నిలువునా చీలుతుంది. ఆ చీలిక పైకి కనపడదు, ఆర్క్ మాత్రం పక్కకు తిరుగుతూ ఉంటుంది. గ్రైండర్‌తో చుట్టూ గీత పెట్టి, ఆ గీత దగ్గర విరవాలి. మొన చెక్కేటప్పుడు గీతలు టంగ్‌స్టన్ పొడవు వెంట పడాలి, అడ్డంగా కాదు.

---

జీడిమెట్ల_పైపింగ్

అన్నా, టార్చ్ మార్చుడు తర్వాత సంగతి. బీడు బూడిద రంగు వస్తుందంటే ముందు గ్యాస్ సంగతి చూడాలె. 5వ నంబర్ కప్పుకు 12 లీటర్లు మస్తు ఎక్కువ. కప్పు నంబర్ అంటే అంగుళంలో పదహారో వంతులు. 5 అంటే 8 ఎం.ఎం. రంధ్రం, 8 అంటే 12.7. చిన్న రంధ్రంల నుంచి అంత గ్యాస్ తోస్తే సుడి తిరిగి బయటి గాలిని లోపలికి గుంజుతది. గ్యాస్ పెంచినకొద్దీ బీడు ఇంకా ఖరాబు అయితది. 5కు 5 నుంచి 6 లీటర్లు, 6కు 6 నుంచి 7, 8వ నంబర్‌కు 8 నుంచి 10. గంతే.

లీటర్లు తగ్గించినా రంగు పోకుంటే ఈ పరీక్ష చెయ్యి. మెషిన్‌ల గ్యాస్ టెస్ట్ మోడ్ పెట్టు, కరెంటు రావద్దు. ఫ్లో మీటర్‌ల గుండు పైకి లేస్తది. ఇప్పుడు కప్పు మూతి బొటనవేలితో గట్టిగ మూయి. గుండు కిందికి పడిపోవాలె. పడకుండ నిలబడ్డదంటే గ్యాస్ నడుమల ఎక్కడ్నో పోతుంది. సబ్బు నీళ్లు పట్టుకొని కనెక్షన్లన్నీ చూడు. ఎక్కువ సార్లు దొరికే జాగాలు రెండు: బ్యాక్ క్యాప్ మీది ఓ-రింగు, తలకు కప్పుకు నడుమ ఉండే తెల్ల ఇన్సులేటర్. ఓ-రింగు వేడికి గట్టిపడి పగులుతది. చిన్న చీలిక ఉన్నా వెనుక నుంచి గాలి లోపలికి పోతది, టంగ్‌స్టన్ నల్లగ, నీలంగ అయితది. ఓ-రింగులు ఎప్పుడూ డబ్బాల నాలుగైదు పెట్టుకోవాలె.

మూడోది పోస్ట్ ఫ్లో, అంటే ఆర్క్ ఆగినంక కూడ గ్యాస్ వచ్చే సమయం. పది ఆంప్స్‌కు ఒక సెకను లెక్క, ఎస్ఎస్‌కు ఎనిమిది సెకన్లకు తగ్గొద్దు. ఆర్క్ ఆగంగనే చెయ్యి లేపొద్దు, గ్యాస్ ఆగేదాక బీడు చివర మీదనే పట్టుకొని ఉండాలె. ఫిల్లర్ వైరు కొస కూడ గ్యాస్‌లనే ఉండాలె, బయటికి తీస్తే ఎర్రటి కొస గాలికి మాడుతది, ఆ మసి తిరిగి బీడులకే పోతది. ఎండాకాలం షెడ్డుల ఫ్యాను, కూలరు ఎదురుంగ పెడితే ఏ టార్చ్ అయినా పని చెయ్యదు, ఒక రేకు అడ్డం పెట్టుకోండి. ఇవన్నీ సరిగ ఉండి కూడ బూడిద రంగే అంటే వేడి ఎక్కువైతుంది: ఆంప్స్ దించు, లేకుంటే చెయ్యి జల్ది నడిపించు.

గ్యాస్ లెన్స్ సంగతి: ఫార్మా పని చేసేటోళ్లకు అది అవసరమే, నన్ను అడిగితే కొత్త టార్చ్ కంటే ముందు అదే కొనాలె. లోపల సన్నటి జాలి ఉంటది, గ్యాస్ సుడి లేకుండ నిటారుగ దిగుతది. మామూలు కప్పుతోని టంగ్‌స్టన్ ఆరేడు ఎం.ఎం. కంటే బయటికి తియ్యలేము. లెన్స్‌తోని 15, 20 ఎం.ఎం. తీసినా కప్పు కింద గ్యాస్ నిలుస్తది. ఎల్బో మూలల తల దూరకున్నా మొన దూరుతది. నీ 26కు 2.4 ఎం.ఎం. లెన్స్ బాడీ 45వి26, కాలెట్ నీ దగ్గరున్నదే, కప్పులు 54ఎన్ సిరీస్‌వి, ఇన్సులేటర్ 54ఎన్01. ఆ ఇన్సులేటర్ మరువకు. పాతదే ఉంచి లెన్స్ కప్పు బిగిస్తే సందు మిగులుతది, అందులకెళ్లి గాలి పోతది, పైసలు పెట్టి కూడ బూడిద బీడే. జాలి మీద లోహపు తుంపర్లు పడి మూసుకపోతే గీకి బాగు చెయ్యకు, మార్చుడే.

పైపు లోపలి వైపు పర్జింగ్ వేరే ముచ్చట. టార్చ్ ఎంత మంచిదైనా పైపు లోపల ఆర్గాన్ నిండకుంటే రూట్ (వెల్డు లోపలి అడుగు) మాడుతది. రెండు దిక్కుల డ్యాములు (గ్యాస్ ఆపే అడ్డాలు) పెట్టి, గ్యాస్ కింది వైపు నుంచి లోపలికి ఇచ్చి పై వైపు చిన్న రంధ్రం ఇడువు. ఆర్గాన్ గాలి కంటే బరువు, కింద నుంచి నిండుకుంటూ గాలిని పైకి నెడతది.

---

చర్లపల్లి_ఎస్ఎస్_ఫ్యాబ్

ఇద్దరికీ చాలా థాంక్స్. బొటనవేలి పరీక్ష చేస్తే గుండు కొంచెం పైనే నిలబడింది, బ్యాక్ క్యాప్ ఓ-రింగులు మార్చాక కిందికి దిగింది. గ్యాస్ లెన్స్ సెట్టు, 9 టార్చ్ రెండూ తీసుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. అల్యూమినియానికి వాటర్ కూల్డ్ పెడితే మా బోరు నీళ్లు పోయొచ్చా? 20 తీసుకోవాలా, 18 తీసుకోవాలా?

---

నాచారం_అల్యూమినియం

బోరు నీళ్లు అసలు వద్దండీ. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. టార్చ్ తలలో నీటి దారి చాలా సన్నం, అక్కడ గార కట్టిందంటే నీళ్లు నిలిచిపోతాయి. ఇంకో నష్టం కూడా ఉంది: ఉప్పు నీళ్లు కరెంటును మోస్తాయి కాబట్టి హెచ్ఎఫ్ నీళ్ల దారిన కారిపోతుంది, ఆర్క్ స్టార్ట్ మొరాయిస్తుంది. డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు), లేదా వెల్డింగ్ కూలెంట్ పోయండి. కార్ల కూలెంట్‌లో లీకులు మూసే మందులు కలిపి ఉంటాయి, అవి ఇక్కడ దారి మూసేస్తాయి.

నీళ్ల ప్రవాహం నిమిషానికి లీటరు అటూఇటూ ఉండాలి. రిటర్న్ పైపు కొస తీసి ఒక సీసాలో పట్టి, గడియారం చూసి కొలవండి. దిశ కూడా ముఖ్యం. చల్ల నీళ్లు ముందు తలలోకి వెళ్లాలి, తిరిగొచ్చేటప్పుడు పవర్ కేబుల్ లోపలి నుంచి రావాలి. వాటర్ కూల్డ్ పవర్ కేబుల్‌లో రాగి చాలా సన్నంగా ఉంటుంది, నీళ్లు ఉన్నాయన్న ధీమాతోనే అంత సన్నగా చేస్తారు. పంపు ఆన్ చేయడం మరిచి 200 ఆంప్స్ లాగితే కేబుల్ నిమిషాల మీద కాదు, సెకన్ల మీద పోతుంది. కాబట్టి ఫ్లో స్విచ్ లేని కూలర్ కొనకండి. నీళ్లు ఆగితే ఆర్క్ కూడా ఆగిపోయేలా దాన్ని మెషిన్‌కు కలపాలి.

20, 18 విషయంలో బాలానగర్ గారి మాటతో నేను ఏకీభవించను. మీ పనిలో మూలలు ఎస్ఎస్‌లో ఉన్నాయి, వాటికి 9 వచ్చేస్తోంది. అల్యూమినియంలో కావలసింది చిన్న తల కాదు, వేడి తట్టుకునే తల. 6 ఎం.ఎం. మీద 200 పైన ఏసీ లాగేటప్పుడు 20 అంచు మీద నడుస్తుంది. 18 అయితే చాలా మిగులు ఉంటుంది, పైగా మీ 26 సామాను, 54ఎన్ కప్పులతో సహా, మొత్తం దానికి పడుతుంది. కొనేముందు ఆ కంపెనీ కాగితంలో ఏసీ ఆంప్స్ ఎంత రాశారో విడిగా చూడండి, ఒక్కో తయారీదారు ఒక్కో రకంగా ఇస్తారు. 200 పైన 3.2 ఎం.ఎం. టంగ్‌స్టన్ పెట్టండి. నీలం కొస ఉన్న 2 శాతం లాంథనేటెడ్ తీసుకుంటే ఏసీకీ డీసీకీ ఒకటే సరిపోతుంది, ఎర్ర కొస థోరియేటెడ్ దుమ్ము పీల్చే బాధ తప్పుతుంది.

అయితే అల్యూమినియం నెలకు రెండు మూడు జాబులే అయితే కూలర్ ఖర్చు గిట్టదు. 26తోనే 3, 4 ఎం.ఎం. చేసుకుంటూ, మందం ఎక్కువున్న జాబుకు ముందే 100 డిగ్రీల దాకా వేడి చేసి ఆంప్స్ తగ్గించి చేయండి.

---

బాలానగర్_టిగ్

అల్యూమినియానికి 18 అన్న మాట సబబే, ఆయన 26 సామాను లెక్క నేను వేసుకోలేదు.

9 కొనేటప్పుడు షాపులో మూడు చూసుకోండి. ఒకటి, కరెంటు ప్లగ్ పిన్ను. 9 ఎం.ఎం. పిన్ను ఒక రకం, 13 ఎం.ఎం. ఒక రకం, చిన్నది పెద్ద సాకెట్‌లో వదులుగా తిరిగి కాలుతుంది. రెండు, స్విచ్ వైరు ప్లగ్‌లో ఎన్ని పిన్నులు, మీ మెషిన్‌లో ఏ పిన్నుల మధ్య స్విచ్ పనిచేస్తుంది. పాత టార్చ్ ప్లగ్ వెంట తీసుకెళ్లడం మేలు. మూడు, గ్యాస్ దారి. కొన్నింటిలో గ్యాస్ పైపు కరెంటు ప్లగ్‌లోంచే వస్తుంది, కొన్నింటిలో విడిగా ఉంటుంది.

వాల్వ్ ఉన్న 9వి రకం అంటగడితే వద్దనండి. అది గ్యాస్ సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) లేని చిన్న ఆర్క్ మెషిన్ల కోసం, అందులో పోస్ట్ ఫ్లో మీ చేతి వాల్వ్ మీదే. మెడ వంగే ఫ్లెక్సిబుల్ తల కూడా రోజువారీ పనికి అంత మంచిది కాదు, వంచగా వంచగా మెడలోని రాగి గొట్టం పగిలి గ్యాస్ లీకవుతుంది. మామూలు తలే తీసుకోండి. బ్యాక్ క్యాప్ చేతి వేళ్లతో బిగించినంతే చాలు. ప్లయర్ వేస్తే కాలెట్ మెలిపడి టంగ్‌స్టన్ లోపలే ఇరుక్కుంటుంది, కాలెట్ బాడీ తలలో విరిగిందంటే తల మొత్తం మార్చాలి.

---

జీడిమెట్ల_పైపింగ్

ఇంకోటి అన్నా. వానాకాలంల పొద్దుగాల మొదటి ఆర్క్ కొట్టేముందు గ్యాస్ టెస్ట్ మోడ్‌ల అర నిమిషం గ్యాస్ ఇడువు. రాత్రంత రబ్బరు పైపుల తేమ చేరి ఉంటది, మొదటి జాబుకు పోరాసిటీ (బీడుల సన్నటి రంధ్రాలు) వచ్చేది దాంతోనే. 9 టార్చ్ కేబుల్ కొత్తది కాబట్టి మొదటి రోజు ఇంకొంచెం సేపు ఇడిచినా నష్టం లేదు. ఏడు క్యూబిక్ మీటర్ల సిలిండర్ 8 లీటర్ల మీద పద్నాలుగు గంటలకు పైనే వస్తది, ఈ అర నిమిషానికి పోయేది నాలుగు లీటర్లే.