రికార్డు ప్లేయర్: గోడకా, నేల మీదా? ఎంత ఎత్తులో?

కూకట్‌పల్లి కుర్రాడు
అందరికీ నమస్కారం. నాన్నగారి పాత టర్న్‌టేబుల్‌కి కొత్త బెల్టు, కొత్త ముల్లు వేయించి ఇంటికి తెచ్చాను. మాది మూడో అంతస్తు ఫ్లాటు. ప్రస్తుతానికి టీవీ కేబినెట్ మీద పెట్టాను, ఎత్తు 18 అంగుళాలు. రెండు ఇబ్బందులున్నాయి. మా ఐదేళ్ల వాడు హాల్లో పరిగెడితే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతోంది. పైగా 20 నిమిషాలకోసారి రికార్డు తిప్పడానికి వంగలేక నడుం పట్టేస్తోంది. కార్పెంటర్ గోడకి బ్రాకెట్లు బిగించి పలక వేస్తానంటున్నాడు. మా ఆవిడ గోడకి బెజ్జాలు వద్దు, బరువైన స్టాండు చేయించమంటోంది. ఏది సరైనది?

డాలస్ బావ
గోడే. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.
మాది చెక్క ఇల్లు. పై అంతస్తు నేలంటే దూలాలు, వాటి మీద ప్లైవుడ్, ఆ పైన కార్పెట్. నేను సోఫాలోంచి లేచినా అద్దాల బీరువాలో గ్లాసులు గలగలమంటాయి. బరువుంటే కదలదు కదా అని ఇనుప స్టాండు కొన్నాను, దాంట్లో ఇసుక కూడా నింపాను. దండగ. నేల ఊగితే దాంతోపాటు స్టాండూ ఊగింది. చివరికి గోడ లోపల 16 అంగుళాలకొకటి ఉండే నిలువు చెక్కలు వెతికి, వాటిలోకే స్క్రూలు దించి షెల్ఫ్ పెట్టాను. ఇప్పుడు పిల్లలు గంతులేసినా ముల్లు కదలదు.

స్లాబు మేస్త్రీ
బావగారూ, మీ ఇంటికి మీరు చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ కూకట్‌పల్లి అపార్ట్‌మెంటుకి అదే మందు వెయ్యకండి. ఇక్కడ నేల కాంక్రీటు స్లాబు, గోడ ఇటుక. మీ దగ్గర నేల బలహీనం, గోడ నయం. మా దగ్గర చాలా ఇళ్లలో తిరగబడుతుంది.

కుర్రాడుగారూ, ముందు మీ గోడ ఏమిటో చూడండి. 9 అంగుళాల ఇటుక గోడైతే పరవాలేదు. గదుల మధ్య ఉండేది చాలావరకు నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ. తలుపు ధడాలున పడితే అది డప్పులా మోగుతుంది. కొత్త బిల్డింగుల్లో తేలికపాటి సిమెంటు బ్లాకులు వాడుతున్నారు. వాటిలో మామూలు ప్లగ్గు పట్టు నిలవదు, బ్రాకెట్ మెల్లగా కిందికి జారుతుంది. 12 కిలోల ప్లేయర్ కింద పడ్డాక ఎవరిని తిట్టుకుని ఏం లాభం?

ఇక స్లాబు. అది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గది మధ్యలో ఎక్కువ ఊగుతుంది, బీము దగ్గర తక్కువ, పిల్లరు పక్కన ఇంకా తక్కువ. మీ టీవీ కేబినెట్ ఎక్కడుందో నాకు తెలియదు గానీ, దాన్ని పిల్లరున్న మూలకి జరిపితేనే సగం గొడవ తీరొచ్చు. స్టాండు సంగతి ఆ తర్వాత.

టేకుబల్ల తాతయ్య
ఏంటి నాయనా ఈ హడావిడి? మా రోజుల్లో హెచ్‌ఎంవీ పెట్టె ప్లేయర్‌ని చెక్క స్టూలు మీద పెట్టి, చుట్టూ పదిమంది కూర్చుని వినేవాళ్లం. ముల్లు ఎగిరిందని ఎవరూ అనలేదు. పిల్లరు పక్కన పెట్టాలట!

స్లాబు మేస్త్రీ
తాతయ్యగారూ, కోప్పడకండి. ఆ పెట్టెల్లో ఉండే సెరామిక్ కార్ట్రిడ్జి, అంటే ముల్లు బిగించి ఉండే చిన్న ముక్క, 5 గ్రాములో అంతకంటే ఎక్కువో బరువుతో గాడిని నొక్కేది. గున్నేనుగు కూర్చున్నట్టు కదలకుండా ఉండేది, రికార్డు మాత్రం అరిగిపోయేది. ఇప్పటి మాగ్నెటిక్ కార్ట్రిడ్జి 2 గ్రాములకు అటూ ఇటూ నొక్కుతుంది, అందుకే ఉలిక్కిపడుతుంది. పైగా మీ పెట్టెలో స్పీకరు చిన్నది, మంద్రం పలికేదే కాదు. ఇప్పటి పెద్ద స్పీకర్లతో అదే స్టూలు మీద పెడితే ఊళ పెడుతుంది.

టేకుబల్ల తాతయ్య
రికార్డు అరిగిన మాట నిజమే. ఒప్పుకున్నాను. స్టూలు మాత్రం మంచిది.

పల్లవి తర్వాత చరణం
మీరంతా ఊగడం గురించే మాట్లాడుతున్నారు, ఆయన ఎత్తు కూడా అడిగారు. నేను నాలుగేళ్లు కింది బల్ల మీద పెట్టుకుని బాధపడ్డాను. ఓ రోజు రికార్డు తియ్యడానికి వంగితే చీర కొంగు ఆర్మ్‌కి, అదే ముల్లుని మోసే పొడుగు చేతికి, తగులుకుని ముల్లు రికార్డు మొత్తం గీసుకుంటూ వెళ్లింది. ముల్లూ పోయింది, అమ్మ దాచిన రికార్డులో ఒక వైపూ పోయింది. బల్లని ఏమనగలను?

ఆ తర్వాత వంటింటి గట్టుని కొలతగా తీసుకున్నాను. మా గట్టు 34 అంగుళాలు. కూరలు తరగడానికి ఏ ఎత్తు హాయిగా ఉందో ముల్లు దించడానికీ అదే హాయి. నిలబడితే రికార్డు తిరిగే పళ్లెం మోచేతికి కాస్త కింద ఉండాలి. గాడి మొదలయ్యే చోటు పైనుంచీ పక్కనుంచీ కనపడాలి. మరీ ఛాతీ ఎత్తులో పెట్టారనుకోండి, పక్కనుంచి అంచు కనపడుతుంది గానీ పైనుంచి పాటకీ పాటకీ మధ్య గీత కనపడదు. ఇంకోటి, పైన గాజు మూత తెరుచుకునేంత చోటు ఉందో లేదో ముందే చూసుకోండి. మూత నిలువుగా లేస్తే దాదాపు ఇంకో అడుగున్నర కావాలి. పైన ఇంకో షెల్ఫ్ ఉందో, అయిపోయిందే.

డాలస్ బావ
పిల్లాడున్న ఇంట్లో 34 అంగుళాలు చాలవండీ. ఐదేళ్ల వాడి చెయ్యి సులువుగా అందుతుంది. గోడకైతే 50 అంగుళాల్లో పెట్టుకోవచ్చు. మళ్లీ చెప్తున్నాను, గోడే.

పల్లవి తర్వాత చరణం
50 అంగుళాల్లో పెడితే వాడు కుర్చీ ఎక్కుతాడు. కుర్చీతో సహా పడతాడు. మూత వేసి ఉంచడం నేర్పండి.

కడప బండ
నా చిట్కా. నల్ల కడప బండ ఒకటి, ప్లేయర్ కంటే రెండేసి అంగుళాలు పెద్దది కోయించుకోండి. దాని కింద నాలుగు టెన్నిస్ బంతులు, కదలకుండా గిన్నె మూతల్లో. పైన ప్లేయర్. ఖర్చు చాలా తక్కువ. నేను మొదట రబ్బరు మ్యాటు వేసి చూశాను, అది ఏ తేడా చూపలేదు.

స్లాబు మేస్త్రీ
మీ రబ్బరు ఎందుకు పనిచెయ్యలేదో చెప్తాను, ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. మెత్తటిదాని మీద బరువు పెట్టగానే అది 1 మిల్లీమీటరు అణిగితే, ఆ జోడీ సెకనుకి దాదాపు 16 సార్లు ఊగే స్వభావంతో ఉంటుంది. 1 సెంటీమీటరు దిగితే 5 సార్లు. ఆ సంఖ్యకు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటిన కదలికల్నే అది ఆపగలదు. దానికి దగ్గరగా వచ్చేవాటిని ఆపకపోగా పెంచుతుంది.

ఇప్పుడు ఆర్మ్ సంగతి. ఆర్మ్, కార్ట్రిడ్జి కలిసి సెకనుకి 8 నుంచి 12 సార్ల మధ్య ఊగేలా జత కూర్చుకుంటారు. అడుగుల ధమధమ దాన్ని అక్కడే పట్టుకుని ఊపుతుంది. పలచటి రబ్బరు మ్యాటు అంత నెమ్మది ఊపుని ఏమీ చెయ్యలేదు, స్పీకర్ నుంచి వచ్చే ఇంకా వేగమైన మోతనే కాస్త తగ్గిస్తుంది. మీ టెన్నిస్ బంతులు బాగా అణుగుతాయి కాబట్టి పనిచేశాయి. అయితే కొన్నాళ్లకి గాలి తగ్గి ఒక పక్క ఒరుగుతాయి. నెలకోసారి రసమట్టం పెట్టి చూడండి, బల్ల మీద కాదు, పళ్లెం మీదే.

మూడు స్ప్రింగులు
ఒక్క హెచ్చరిక. ఈ బంతుల వైద్యం అన్ని ప్లేయర్లకీ కాదు. నా దగ్గర లిన్ సోండెక్ ఎల్‌పీ12 ఉంది. అందులో పళ్లెం, ఆర్మ్ కలిసి లోపల మూడు స్ప్రింగుల మీద ఉంటాయి. అంటే ఊపు ఆపే ఏర్పాటు కంపెనీవాళ్లే లోపల పెట్టేశారు. దాని కింద మళ్లీ బంతులు పెడితే ఊయల మీద ఊయల. నేనది చేసి, రెండు రోజులు తల పట్టుకున్నాను. ఇలాంటివాటికి తేలికైన, బిగుతైన చెక్క బల్ల చాలు. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 లాంటి, పళ్లెం కింద స్ప్రింగుల్లేని బరువైన దానికైతే కడప బండ బాగానే నప్పుతుంది. కుర్రాడుగారూ, పళ్లేన్ని వేలితో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా దిగి లేస్తోందా?

కూకట్‌పల్లి కుర్రాడు
లేదండీ, బండలా ఉంది. స్ప్రింగులు లేవు.

స్లాబు మేస్త్రీ
మంచిది. బెజ్జాలు కొట్టేముందు ఒక పరీక్ష చెయ్యండి. మోటారు ఆపేసి, తిరగని రికార్డు మీద ముల్లు దించండి. వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా మీరు వినే స్థాయికి తీసుకెళ్లండి, ఒక చెయ్యి నాబ్ మీదే ఉంచండి. ఇప్పుడు బాబుని పరిగెత్తమనండి, తలుపు వెయ్యమనండి. ఆ ముల్లుకి గాడిలో పాటేదో, బల్లలో కదలికేదో తేడా తెలియదు. రెండూ స్పీకర్లో వినిపిస్తాయి. ప్లేయర్‌ని మూడు నాలుగు చోట్లకి మార్చి వినండి.

కూకట్‌పల్లి కుర్రాడు
ఆదివారం అదే పనిలో ఉన్నాం. కార్పెంటర్ చెప్పిన గోడకి ఆనించిన అలమారాలో పెడితే స్పీకర్లో గుర్రుమని మోత. ఏంటా అని చూస్తే అవతల వంటింట్లో మిక్సీ! ఆ గోడ నాలుగున్నర అంగుళాలదే. హాలు మధ్యలో బాబు అడుగు అడుగుకీ స్పీకర్ కోను బయటికి ఉబ్బింది. బాల్కనీ పక్క పిల్లరు మూలలో మాత్రం వాడు గెంతినా చిన్న ధబ్ తప్ప ఏమీ లేదు. స్పీకర్లు ఇదివరకు అదే కేబినెట్ మీద ఉండేవి, వాటిని కిందికి దించాను. దాంతో మంద్రంలో ఉన్న బొంగురు కూడా పోయింది. కాబట్టి మూల ఖాయం. ఇనుప స్టాండు 30 అంగుళాలు, పైన కడప బండ, ప్లేయర్‌తో కలిపి పళ్లెం 36 దగ్గరికి వస్తుంది. మా ఆవిడ వంటింటి గట్టు దగ్గర నిలబడి సరే అంది.

డాలస్ బావ
ఆ మూలలో బాల్కనీ తలుపు ఉందిగా. అది గాలికి కొట్టుకున్నప్పుడు?

కూకట్‌పల్లి కుర్రాడు
కొట్టుకుంటే ముల్లు ఎగురుతోంది బావగారూ. తలుపుకి రబ్బరు స్టాపరు వేశాను. మధ్యాహ్నం ఎండ కూడా అక్కడ పడుతోంది, రికార్డు వంకర పోకుండా కర్టెన్ కట్టాలి.

డాలస్ బావ
చెప్పానా! 9 అంగుళాల గోడ ఒక్కటైనా ఉంటుంది మీ ఇంట్లో, వెతకండి.

కూకట్‌పల్లి కుర్రాడు
ఉంది. పడగ్గదిలో. ఆ మాట మా ఆవిడకి ఎవరు చెప్తారు?