పోరంబోకులో సోలార్ పెడితే యానాదులకు నష్టం లేదా? తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లు చెప్పండి

ఏర్పేడు పంతులమ్మ:
శ్రీకాళహస్తి వైపు ఒక ఎలిమెంటరీ స్కూల్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మా బడికొచ్చే పిల్లల్లో పద్నాలుగు మంది చెరువుకట్ట కింద ఉండే యానాది ఇళ్లవాళ్లు. కట్టకు అవతల పెద్ద మిట్ట ఉంది. దాన్ని సోలార్ ప్లాంటుకు ఇస్తారని ఊళ్లో చెప్పుకుంటున్నారు. సర్వేయర్లు వచ్చి రాళ్లు పాతి వెళ్లారు కూడా. రికార్డులో అది పోరంబోకు, అంటే ఎవరి పేరునా లేని ప్రభుత్వ భూమి. కానీ ఆ పిల్లల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ మిట్ట మీది సర్కారుతుమ్మ కంపతోనే. ఎండాకాలం అదే కంపను బొగ్గు చేసి అమ్ముకుంటారు. వానలు పడితే పక్క వంకలో చేపలు, పీతలు దొరుకుతాయి. ఉన్న నాలుగు మేకలు మేసేదీ అక్కడే.

నిన్న స్టాఫ్ రూములో ఒక మాస్టారు, "ఖాళీ భూమిలో పెడుతున్నారు, ఎవరి ఇల్లూ పోదు, ఇంకేం బాధ?" అన్నారు. గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. రాత్రంతా అదే ఆలోచన. ఖాళీ అని రాసుకున్నది కాగితంలోనే కదా! మీరేమంటారు?

పాకాల రైతు:
మేడమ్, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. మాది వానకు ఆధారపడ్డ వేరుశనగ. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని ఊరు. పగటిపూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు వల్లే మాలాంటి వాళ్లం నిలబడ్డాం. అది ఎక్కడి నుంచి రావాలి? సోలార్ వద్దంటే ముద్దనూరు థర్మల్ ప్లాంటులో బొగ్గు కాల్చాలి. బొగ్గు కావాలంటే గనులు తవ్వాలి. మణుగూరు, ఇల్లందు వైపు ఓపెన్‌కాస్ట్ గనులు కోయవాళ్ల ఊళ్లను తినేశాయి. అప్పుడూ నష్టపోయేది గిరిజనులే. మిట్ట మీద అద్దాలు పరిస్తే ఊరు లేచిపోదు, పొగ రాదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి కదా.

తిరుపతి లా స్టూడెంట్:
రైతన్న చెప్పిన బొగ్గు మాట నిజం. చట్టం సంగతి కూడా చూద్దాం.

1997లో సుప్రీంకోర్టు సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద గుర్తించిన గిరిజన ప్రాంతంలో, ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదంది. ఆ కేసు పుట్టింది విశాఖ మన్యంలోని అనంతగిరి మండలంలో. ఇప్పుడు ఆ కొండల్లోనే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వద్దని ఆదివాసీలు పోరాడుతున్నారు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి అది. అక్కడి వాళ్ల చేతిలో సమత తీర్పు ఉంది, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది, గ్రామసభకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ఉంది. ఇవన్నీ అయిదో షెడ్యూల్ ప్రాంతాలకే. మన రెండు జిల్లాల్లో షెడ్యూల్డ్ గ్రామం ఒక్కటీ లేదు. యానాదులు గిరిజనులే, కానీ వాళ్లున్న నేల గిరిజన ప్రాంతం కాదు.

ఇంకో చిక్కు ఉంది. 2013 భూసేకరణ చట్టంలో నష్టపోయిన కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదు. మూడేళ్లుగా అడవి మీద, నీటి వనరుల మీద బతికేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు కూడా అందులోకి వస్తారు. మంచి నిర్వచనం. కానీ ప్రభుత్వం తన పోరంబోకును తానే లీజుకిస్తే అది భూసేకరణ కాదు! కాబట్టి ఆ నిర్వచనం అక్కరకు రాదు. ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిన ప్రాజెక్టుల 2006 నోటిఫికేషన్ జాబితాలో సోలార్ లేదు కనుక థర్మల్ ప్లాంటుకు పెట్టినట్టు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టక్కర్లేదు. అంటే మేడమ్ చెప్పిన ఆ పద్నాలుగు మంది పిల్లల తల్లిదండ్రుల్ని ఒక్క మాట అడగకుండానే అన్నీ చట్టప్రకారం జరిగిపోతాయి. నన్ను కలవరపెట్టేది ఇదే.

ఇది ఒక మిట్టతో ఆగేది కాదు. 2024 క్లీన్ ఎనర్జీ పాలసీలో రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యం 160 గిగావాట్లు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు). అందులో సోలారే సుమారు 78. మెగావాట్‌కు నాలుగెకరాలు వేసుకున్నా మూడు లక్షల ఎకరాలు దాటుతుంది.

రిటైర్డ్ లైన్‌మన్, చిత్తూరు:
ప్లాంటు గురించే మాట్లాడుతున్నారు. లైన్ల సంగతీ చూడండి. మేం పనిచేసిన రోజుల్లో భూమి కొనకుండానే టవర్ నిలబెట్టేవాళ్లం, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఇచ్చిన అధికారంతో. 2024 జూన్‌లో కేంద్రం కొత్త మార్గదర్శకాలిచ్చింది. టవర్ కింది భూమికి విలువలో 200 శాతం, తీగల కింది భూమికి 30 శాతం పరిహారం. మంచిదే, కానీ డబ్బు వెళ్లేది భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే.

ఒకసారి లైను దారిలో ఒక గుడిసె అడ్డొచ్చింది. పక్క చేను రైతుకు చెట్ల డబ్బు వచ్చింది. గుడిసె విప్పుకుని అవతల వేసుకున్న యానాది కుటుంబానికి ఏమీ రాలేదు. టవర్ గుంతలు తవ్వింది ఆ కుటుంబమే, కూలికి. లైను ఛార్జ్ చేసిన రోజు కూడా వాళ్లింట్లో కిరోసిన్ బుడ్డే. ఇరవై ఏళ్లైనా నా కళ్లముందే ఉంది.

నాయుడుపేట యువకుడు:
నేను యానాది కుటుంబంలో పుట్టాను. డిగ్రీ చదివాను. ఇంతసేపూ మా గురించి మాట్లాడారు, సంతోషం. ఇక నా మాట వినండి.

సోలార్ వద్దని నేను అనను. అడవి బిడ్డలని మామీద జాలి కూడా వద్దు. బొగ్గుబట్టీ దగ్గర కళ్లు మండేలా నిలబడటం, జామాయిల్ కొట్టే పనికి అడ్వాన్సు తీసుకుని ఏడాదంతా ఆ అప్పులో ఇరుక్కోవడం మాకేమీ ఇష్టం కాదు. పోతే పోనీ అనుకుంటాం, దాని బదులు ఇంకో బతుకు దొరికితే.

మా అవ్వ శ్రీహరికోటలో పుట్టింది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. తర్వాత మావాళ్లు చాలామంది బయటికి వచ్చేశారు. రాకెట్ ఎగిరినప్పుడల్లా నేనూ మేడెక్కి చూస్తాను, ఒళ్లు పులకరిస్తుంది. అవ్వ మాత్రం దుంపలు తవ్వుకున్న చోటు, తేనె తీసిన చెట్టు చెప్పుకుంటూ ఉండేది. దేశానికి మంచి జరిగిందని ఆమెకూ తెలుసు. "ఒక్క మాట అడిగుంటే బాగుండేది" అనేది, అంతే.

ఎస్టీలకు నెలకు 200 యూనిట్లు ఉచితం అంటారు. మీటరు కావాలంటే ఇంటి కాగితం కావాలి. చెరువుకట్ట మీది ఇంటికి కాగితం ఎవరిస్తారు? చంద్రగిరి దగ్గర నారావారిపల్లెలో ఇళ్లపైనే సోలార్ పెట్టారు, చాలా మంచి పని. దానికి ముందు కప్పు ఉండాలి కదా సార్. మా తాతకు డీకేటీ పట్టా, అంటే పేదలకు ప్రభుత్వమిచ్చే భూమి పట్టా, ఇచ్చారు. కాగితం మా పెట్టెలో ఉంది, భూమి వేరేవాళ్ల సాగులో ఉంది.

ఒక సోలార్ ప్లాంటులో ఎనిమిది నెలలు ప్యానెళ్లు కడిగాను. లోకల్ వాళ్లకు ఉద్యోగాలంటే అదే. అదీ కాంట్రాక్టరు ద్వారా, పీఎఫ్ లేదు. ప్లాంటు పెట్టే ముందు ఆ మిట్ట మీద ఎవరు బతుకుతున్నారో పేర్లు రాయాలి. వాళ్లకు ఇంటి పట్టా ఇవ్వాలి. ప్రభుత్వానికి వచ్చే లీజు డబ్బులో వాళ్ల వాటా ఎంతో ముందే చెప్పాలి. ఇది దయ కాదు, మాకు రావాల్సింది.

పాకాల రైతు:
తమ్ముడూ, రెండుసార్లు చదివాను. మా వేరుశనగ చేలల్లో ఎలుకలు పట్టేది మీవాళ్లే. మా గుట్ట కింద నాలుగు కుటుంబాలున్నాయి. వాళ్ల పేర్లు నాకు తెలుసు, కానీ ఏ కాగితంలోనూ లేవు. ఇన్నేళ్లలో నాకా ఆలోచన రాలేదు. ప్లాంటు ఆపాలంటే ఇప్పటికీ ఒప్పుకోను, మాకు కరెంటు కావాలి. కానీ పేర్లు రాయకుండా రాళ్లు పాతడం తప్పే. అక్టోబర్ 2 గ్రామసభలో నేనే లేచి అడుగుతాను. ఏమని అడగాలో ఎవరైనా చెప్పండి.

తిరుపతి లా స్టూడెంట్:
అన్నా, ముందు ఆ గుట్ట రెవెన్యూదా, అటవీ శాఖదా కనుక్కోండి. అటవీ భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోయినా వర్తిస్తుంది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి వాళ్ల స్వాధీనంలో ఉన్న భూమికి గ్రామసభ ద్వారా దరఖాస్తు పెట్టొచ్చు. రెవెన్యూ భూమి అయితే, ఆ కుటుంబాల పేర్లు, ఎన్నేళ్లుగా ఉన్నారు, దేనికి వాడుకుంటున్నారు అన్నీ రాసి తీర్మానం చేయించండి. కంపెనీ దాన్ని పాటించాలని చట్టం లేదు. కానీ రేపు కోర్టుకు వెళ్తే చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఏర్పేడు పంతులమ్మ:
మా ఊళ్లోనూ అదే చేస్తాం. ఈరోజు నాలుగో తరగతి పిల్లలతో మిట్ట బొమ్మ గీయించాను. కంప కొట్టే చోటు, మేకలు నడిచే దారి, వంకలో చేపలు పట్టే మడుగు, అన్నీ పెట్టారు. సర్వేయర్లు పాతిన రాళ్లు కూడా ఎక్కడెక్కడో లెక్కపెట్టి గీశారు. దాన్ని తీర్మానానికి జత చేయిస్తాను.

రిటైర్డ్ లైన్‌మన్, చిత్తూరు:
చేయించండి అమ్మా. తహసీల్దారు ఆఫీసులో ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.